మార్కర్ గీత కింద దాగని నంబర్: విదేశీ కొనుగోలుదారుకు కారు అమ్మిన ఒక కేసు

ఇంగ్లండ్‌లోని మిడ్‌లాండ్స్‌లో పాత కార్ల అమ్మకాలకు సంబంధించిన కాగితాల పని చేస్తాను. ఇండియాకు తిరిగి వెళ్లిపోయే తెలుగు కుటుంబాలు ఇల్లు ఖాళీ చేస్తూ, సామాన్లు షిప్పింగ్‌కి వేస్తూ, చివరి నెలలో కారు సంగతి నాకు అప్పజెబుతుంటాయి. ఈ కేసు మాత్రం చెయ్యి దాటాక నా దగ్గరికి వచ్చింది. ఆ కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఊరు, కారు మోడల్, తేదీలు, ధర మార్చాను. కాగితాల విషయంలో ఏం జరిగిందో అది మాత్రం మార్చలేదు.

నేపథ్యం

భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. తొమ్మిదేళ్లు ఇక్కడ ఉండి హైదరాబాద్ వెళ్లిపోతున్నారు. టికెట్లు బుక్ అయ్యాయి, అక్కడ పిల్లలకు స్కూల్లో సీట్లు దొరికాయి. ప్రయాణం మూడు వారాల్లోకి వచ్చింది, కారు ఇంకా అమ్ముడుపోలేదు. ఆరేళ్ల వయసున్న జపాన్ కంపెనీ ఆటోమేటిక్ కారు. 11,500 పౌండ్లకు ప్రకటన పెట్టారు. రెండో రోజే సైప్రస్ నుంచి అని ఒకరు వాట్సాప్‌లో పలకరించారు. బేరం ఆడలేదు.

విదేశం నుంచి కొంటానన్నంత మాత్రాన మోసం అనుకోవడానికి లేదు. ఇక్కడి కార్లకు స్టీరింగ్ కుడివైపు ఉంటుంది కాబట్టి సైప్రస్, మాల్టా, కెన్యా లాంటి చోట్ల నేరుగా పనికొస్తాయి. కెన్యాలో 8 ఏళ్లు దాటిన కారును దిగుమతికి ఒప్పుకోరు. అందుకే అక్కడివాళ్లు ఐదారేళ్ల బండ్ల కోసం ఇక్కడ వెతుకుతుంటారు. నిజమైన కొనుగోలుదారు కూడా కాగితాలు ముందుగానే అడుగుతాడు. వాళ్ల రేవులో కస్టమ్స్ పని చూసే ఏజెంటుకు బండి వయసు, ఇంజన్ సైజు, చాసిస్ నంబర్ తెలిస్తేనే పన్ను ఎంతో లెక్కకట్టగలడు. దొంగ అడిగేదీ అవే కాగితాలు కావడంతోనే అమ్మేవాళ్లకు చిక్కు వస్తుంది.

ఇక్కడి లాగ్‌బుక్ గురించి రెండు మాటలు చెప్పాలి. దాని పేరు వీ5సీ, ఇచ్చేది డీవీఎల్ఏ, అంటే బండ్ల రిజిస్ట్రేషన్, లైసెన్సులు చూసే ప్రభుత్వ సంస్థ. దాని మీద ఉండేది రిజిస్టర్డ్ కీపర్ పేరు. అంటే బండి బాధ్యత ఎవరిదో ఆ పేరు. ఇది యాజమాన్యానికి రుజువు కాదని ఆ కాగితం మీదే రాసి ఉంటుంది. దాని మీద 11 అంకెల డాక్యుమెంట్ రిఫరెన్స్ నంబర్ ఒకటి ఉంటుంది. బండి నంబర్, ఈ 11 అంకెలు చేతిలో ఉంటే బండి అమ్మేశామని ఆన్‌లైన్‌లో తెలియజేయవచ్చు. ఆకుపచ్చ రంగులో ఉండే న్యూ కీపర్ స్లిప్ మీద 12 అంకెల నంబర్ వేరే ఉంటుంది, దానితో కొత్త కీపర్ రోడ్ ట్యాక్స్ కట్టుకోవచ్చు. నిజాయితీగా అమ్మేవాళ్లకు ఇది ఐదు నిమిషాల్లో పని పూర్తయ్యే సౌకర్యం. నంబర్ దొరికితే దొంగ కూడా అదే పని చేయగలడు. కాబట్టి ఈ కాగితాన్ని బ్యాంకు కార్డులాగా చూసుకోవాలి. నంబర్ తెలిస్తే చాలు, కాగితం చేతిలో ఉండాల్సిన పనిలేదు.

మన దగ్గర ఆర్సీ జిరాక్స్ ఎవరడిగినా ఇచ్చేస్తాం. మెకానిక్‌కి, ఇన్సూరెన్స్ ఏజెంటుకి, బండి చూడటానికి వచ్చినవాడికి అందరికీ ఇస్తాం. ఈ కేసులో భర్త కూడా అదే అలవాటుతో ఆ వాట్సాప్ మనిషికి లాగ్‌బుక్ ఫోటో పంపారు. ఆ అలవాటును నేను తప్పుపట్టను. కానీ ఇక్కడి కాగితంతో జరిగే పని వేరు.

నా దగ్గరికి వచ్చిన సమస్య

గురువారం ఉదయం ఫోన్ వచ్చింది. "అన్నా, బండి అమ్మేశారని తెలియజేసినందుకు థాంక్స్ అని లెటర్ వచ్చింది. మేం అమ్మలేదు. బండి ఇంటి ముందే ఉంది."

అంతకు ముందు రోజే రోడ్ ట్యాక్స్ డైరెక్ట్ డెబిట్ రద్దయినట్టు బ్యాంకు యాప్‌లో కనిపించిందట. ఇల్లు ఖాళీ చేసే హడావుడిలో భార్యే ఏదో ఆపేసిందనుకున్నారు.

సాయంత్రం ఇంటికి వెళ్లి వాట్సాప్ సంభాషణ మొదటి నుంచి చదివాను. ఆయన అజాగ్రత్త మనిషేం కాదు. లాగ్‌బుక్ ఫోటోలో రిఫరెన్స్ నంబర్ మీద ఫోన్‌లోని మార్కర్‌తో నల్లగా గీశారు. డ్రైవింగ్ లైసెన్స్ ఫోటోలో పుట్టిన తేదీ మీద బొటనవేలు పెట్టి తీశారు. "చూడండి, దాచే పంపాను" అని చూపించారు.

ఆ ఫోటోను నా ఫోన్‌లోకి తీసుకుని ఎడిట్‌లో బ్రైట్‌నెస్, ఎక్స్‌పోజర్ పూర్తిగా పెంచాను. నల్లటి గీత బూడిద రంగులోకి మారింది. దాని కింద అంకెలు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. పదకొండూ చదవగలిగాను. ఆయన వాడింది పెన్ను కాదు, హైలైటర్. అది లోపలిది కనిపించేలా పలచగా రంగు వేస్తుంది. మూడునాలుగు సార్లు గీస్తే మన కంటికి నల్లగా కనిపిస్తుంది కానీ కింద ఉన్న అంకెలు పోవు. ఆయన భార్య నా పక్కనే నిలబడి చూస్తున్నారు. ఏమీ మాట్లాడకుండా కుర్చీలో కూర్చుండిపోయారు.

లైసెన్స్ సంగతి కూడా అంతే. తేదీ మీద వేలు పెట్టారు, కింద డ్రైవర్ నంబర్ అలాగే ఉంది. బ్రిటన్ డ్రైవర్ నంబర్‌లో మొదటి ఐదు అక్షరాలు ఇంటిపేరువి. తర్వాత వచ్చే ఆరు అంకెలు పుట్టిన తేదీ. ఉదాహరణకు 1987 మార్చి 14న పుట్టిన మగవాళ్లకు అవి 803147 అని ఉంటాయి: 8, నెల 03, తారీఖు 14, చివర 7. ఆడవాళ్లకైతే నెలలోని మొదటి అంకెకు 5 కలుపుతారు. నంబర్ చూసినవాళ్లకు తేదీ చెప్పక్కర్లేదు. లైసెన్స్ మీద ఇంటి అడ్రస్ ఉంది, సంతకం ఉంది. పేరు, తేదీ, అడ్రస్, సంతకం నాలుగూ ఒకే ఫోటోలో వెళ్లిపోయాయి.

అదే సంభాషణలో చివరి మెసేజ్: శనివారం మా ఏజెంటు లారీతో వచ్చి బండి తీసుకెళ్తాడు, డబ్బు పంపిన రసీదు ఈమెయిల్‌లో వస్తుంది, బండి లోడ్ అయ్యాక బ్యాంకు డబ్బు విడుదల చేస్తుంది.

దాంతో నాకు వాళ్ల పథకం మొత్తం అర్థమైంది. ముందు రికార్డులో కీపర్ పేరు మార్చుకోవడం, తర్వాత దొంగ రసీదు చూపించి బండి ఎత్తుకెళ్లడం, అదే రోజు తమ పేరుతో వచ్చిన లాగ్‌బుక్ చూపించి ఇంకొకరికి అమ్మేయడం. వాళ్లు చెయ్యాల్సిన వాటిలో బండి ఎత్తుకెళ్లడం ఒక్కటే మిగిలింది.

మొదటి రెండు రోజులు

ముందు బండిని రోడ్డు మీద నుంచి తీయించాను. రికార్డు ప్రకారం ఆయన కట్టిన ట్యాక్స్ ఆగిపోయింది. ఇక్కడ ట్యాక్స్ లేని బండిని పబ్లిక్ రోడ్డు మీద నడపకూడదు, నిలపనూ కూడదు. నడిపించకుండా ట్రక్కు మీద ఎక్కించి ఆయన స్నేహితుడి ఇంటి ఆవరణలో పెట్టించాం. దానికైన ఖర్చు చూసి ఆయన కాసేపు ఆలోచించారు. ఆ కొంత దూరంలో ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ మాటేమిటని అడిగాను, ఒప్పుకున్నారు.

ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పడం రెండో పని. పాలసీ తీసుకునేటప్పుడు కీపర్ ఎవరని అడుగుతారు. ఆ జవాబు ఇప్పుడు రికార్డులో మారిపోయింది. తెలిసీ చెప్పకపోతే రేపు క్లెయిమ్ దగ్గర అదే అడ్డొస్తుంది. వాళ్లు నోట్ చేసుకుని పాలసీ కొనసాగించారు.

ఆ "కొనుగోలుదారు"ను బ్లాక్ చేసి చాట్ మొత్తం తీసేస్తానన్నారు ఆయన. కోపంతో పాటు, ఇంట్లోవాళ్ల ముందు తల ఎత్తుకోలేని బాధ కూడా అందులో ఉంది. వద్దన్నాను. ఏ రోజు ఏ ఫోటో వెళ్లిందో చెప్పే రుజువు అదొక్కటే. చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేయించి, ఫోటోలతో సహా విడిగా దాచాం. తిట్టడం, బెదిరించడం కూడా వద్దన్నాను, ఎందుకంటే అవతలి వాళ్ల దగ్గర ఇంటి అడ్రస్ ఉంది.

పోలీసులకు 101కి (అత్యవసరం కాని విషయాలకు వాడే నంబర్) ఫోన్ చేసి నేరం నమోదు నంబర్ తీసుకున్నాం. లైసెన్స్ వివరాలు పోయాయి కాబట్టి మోసాలను అరికట్టడానికి పనిచేసే సైఫస్ అనే సంస్థలో రెండేళ్ల రక్షణ నమోదు చేయించాను. దానివల్ల ఆయన పేరు మీద ఎవరైనా అప్పుకో కార్డుకో దరఖాస్తు పెడితే ఆ బ్యాంకులు ఒకటికి రెండుసార్లు చూస్తాయి.

శనివారం లారీ వచ్చింది. ఆ డ్రైవర్‌కు పాపం ఏమీ తెలియదు. ఫోన్‌లో కుదుర్చుకున్న కిరాయి. బండి లేదని చెప్పి, అతని దగ్గర ఉన్న డెలివరీ అడ్రస్, ఫోన్ చేసిన నంబర్ అడిగి రాసుకుని పోలీసులకు పంపాం.

పని చేయనివి

మొదట నేనే తొందరపడ్డాను. వీ62 ఫారం నింపించి 25 పౌండ్లు కట్టించి కొత్త లాగ్‌బుక్‌కు దరఖాస్తు పంపాను. ఆ ఫారం లాగ్‌బుక్ పోగొట్టుకున్నవాళ్లకు, ఇంకా అందనివాళ్లకు. మా సమస్య అది కాదు. రికార్డులోనే వేరే పేరు ఉన్నప్పుడు ఆ దరఖాస్తు ఇంకో వ్యక్తి బండికి లాగ్‌బుక్ అడిగినట్టుగా కనిపిస్తుంది. రుజువులు కావాలని జవాబు వచ్చింది. ముందు రికార్డు సరిచేయమని అడగాలి, కాగితం తర్వాత. ఆ క్రమం తప్పినందుకు పది రోజులు పోయాయి. ఆ పది రోజులు నా వల్ల పోయినవే.

ఈలోగా తక్కువకైనా డీలర్‌కు అమ్మేద్దామని ఆయన ప్రయత్నించారు. ప్రయాణం దగ్గర పడుతోంది, టెన్షన్. రెండుచోట్ల చూపించారు. బండి నంబర్ కొట్టగానే లాగ్‌బుక్ మొన్ననే మారినట్టు వాళ్లకు కనిపించింది, ఆయన చేతిలో ఉన్నది పాతది. ఎవరూ ముట్టుకోలేదు. వాళ్ల స్థానంలో ఉంటే నేనూ కొనను.

డీవీఎల్ఏకు మొదటి ఉత్తరం కూడా సరిగా రాయలేదు. ఆయనే రాసి పంపారు. మూడు పేజీల ఉత్తరంలో ఎంత కష్టపడి కొన్నారో, ఎంత నమ్మారో అంతా ఉంది. జతచేసింది మాత్రం ఇన్సూరెన్స్ కాగితం ఒక్కటే. ఇన్సూరెన్స్ బండి వాడుతున్నట్టు చూపిస్తుందే తప్ప ఎవరిదో చెప్పదు.

పని చేసింది

రెండో ఉత్తరం ఒక పేజీ. ఈ తేదీన అమ్మినట్టు వచ్చిన సమాచారం మేం ఇచ్చింది కాదు, బండి మా దగ్గరే ఉంది, రికార్డు సరిచేయండి అని మొదటి మూడు వాక్యాల్లోనే చెప్పాం. తర్వాత తేదీల వారీగా జతపరిచినవి: కొన్నప్పటి ఇన్‌వాయిస్, ఆ రోజు ఖాతాలోంచి డబ్బు వెళ్లినట్టు స్టేట్‌మెంట్, ఫైనాన్స్ కంపెనీ బాకీ తీరిందని ఇచ్చిన ఉత్తరం, ఆరేళ్ల సర్వీస్ బిల్లులు, పోలీసు నంబర్, చివర చాట్‌లోంచి రెండు పేజీలు. లాగ్‌బుక్ యాజమాన్యానికి రుజువు కాదన్న మాట ఇక్కడ మాకు కలిసొచ్చింది. మోసగాడి పేరు రికార్డులో ఉన్నా, కొన్నట్టు చూపించే కాగితం అతని దగ్గర ఒక్కటీ లేదు. మా దగ్గర ఆరేళ్లవి ఉన్నాయి.

స్టేట్‌మెంట్‌లో ఆ ఒక్క లావాదేవీ ఉన్న పేజీ మాత్రమే పంపాం, మిగతా లైన్ల మీద కాగితం అతికించి జిరాక్స్ తీశాం. సరైన ఆఫీసుకు పంపేటప్పుడైనా అవసరమైనంతే పంపాలన్నది నా పద్ధతి.

ఆయన కుటుంబం అనుకున్న రోజే హైదరాబాద్ వెళ్లిపోయింది. బండి స్నేహితుడి ఆవరణలోనే ఉంది. కొన్ని వారాలకు ఆయన పేరుతో కొత్త లాగ్‌బుక్ వచ్చింది, కొత్త 11 అంకెలతో. దాంతో అవతలివాళ్ల దగ్గర ఉన్న ఫోటోకు విలువ పోయింది.

రెండోసారి అమ్మకం

విచిత్రంగా, రెండోసారి కూడా బయటి దేశం నుంచే అడిగారు. నైరోబీ నుంచి. ఆయన భయపడి వద్దన్నారు. నేను వద్దనలేదు. పోయినసారి దెబ్బతిన్నది కాగితాలు పంపిన తీరు వల్ల, విదేశం వల్ల కాదు. పైగా ఆ బండి వయసుకు నైరోబీలోనే మంచి ధర వస్తుంది.

ఆ కొనుగోలుదారు మొదటి రోజే లాగ్‌బుక్ ఫోటో అడిగారు. "ఎందుకండీ, అందులో ఏం చూడాలి?" అని తిరిగి అడిగాను. ఈ ప్రశ్న ఇప్పుడు ప్రతి కేసులోనూ అడుగుతాను. నిజంగా కొనేవాడి దగ్గర జవాబు ఉంటుంది. మొదటి రిజిస్ట్రేషన్ తేదీ, ఇంజన్ సీసీ, ఇంధనం కావాలి, మా ఏజెంటు పన్ను లెక్కకట్టాలి అన్నారు. ఆ మూడూ మెసేజ్‌లో టైప్ చేసి పంపాను, ఫోటో పంపలేదు. అడిగింది సమాచారమైతే దాన్ని టైప్ చేసి ఇవ్వవచ్చు. కాగితం బొమ్మ పంపితే అడగనివి కూడా పదిహేను వెళ్తాయి.

బండి నంబర్ ఇచ్చాను. అది ఎలాగూ రోడ్డు మీద అందరికీ కనిపించేదే. దానితో ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎంఓటీ (బండికి ఏటా చేసే ఫిట్‌నెస్ పరీక్ష) చరిత్ర మొత్తం, ప్రతి ఏడాది మైలేజీతో సహా, ఉచితంగా చూసుకోవచ్చని చెప్పాను. చాలామంది అమ్మేవాళ్లు ఇది తెలియక ఎంఓటీ సర్టిఫికెట్లన్నీ ఫోటోలు తీసి పంపుతుంటారు.

తర్వాత వీడియో కాల్. స్నేహితుడు లాగ్‌బుక్‌ను కెమెరాకు చూపించారు. అంతకు ముందే రిఫరెన్స్ నంబర్ మీద, అడ్రస్ మీద, ఆకుపచ్చ స్లిప్ మీద నంబర్ దగ్గర పార్శిల్ టేపు ముక్కలు కాగితంతో కలిపి పెట్టాం, జిగురు అంటకుండా. వీడియోలో చాసిస్ నంబర్ ఒకసారి కాగితం మీద, ఒకసారి అద్దం కింద బండి మీద పక్కపక్కన చూపించాం. రెండూ ఒకటేనని చూసుకున్నారు. ఆయనకు కావలసింది ఆ నమ్మకమే.

దాచాలంటే కెమెరా ముందు దాచాలి, ఫోటో తీశాక కాదు. ఫోన్ మార్కర్ సంగతి పైన రాశాను. పీడీఎఫ్‌లో నల్ల డబ్బా గీసినా కొన్ని యాప్‌లలో అది పైపొరగానే ఉంటుంది, కింద అక్షరాలు కాపీ చేసుకోవచ్చు. అసలు కాగితం మీదే అడ్డం పెట్టి తీస్తే ఫోటోలోకి ఆ అంకెలు రానే రావు, ఇక తీయడానికి ఏమీ ఉండదు.

బండి చూడటానికి కొనుగోలుదారు తరఫున ఇక్కడి ఇన్‌స్పెక్షన్ వాళ్లు వచ్చారు. ఖర్చు ఆయనదే. ఇది కూడా ఒక పరీక్ష. బండి చూడకుండానే పదకొండు వేల పౌండ్లు ఇస్తాననేవాళ్ల విషయంలో నేను ముందుకు వెళ్లను.

డబ్బు పంపడానికి కావలసిన బ్యాంకు ఖాతా వివరాలు తప్ప ఏమీ పంపలేదు. పాస్‌పోర్ట్ కాపీ అడిగారు, వీడియోలో పేరున్న పేజీ చూపించి కాపీ ఇవ్వలేదు. ఆయన కూడా తన పాస్‌పోర్ట్ చూపించారు. డబ్బు వచ్చిందో లేదో ఈమెయిల్‌లో చూడొద్దని హైదరాబాద్‌లో ఉన్న ఆయనకు మూడుసార్లు చెప్పాను. తన బ్యాంకు యాప్ తానే తెరిచి, బ్యాలెన్స్‌లో కలిసిందని చూసి నాకు ఫోన్ చేశారు. నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ కొనుగోలుదారు ఒక్కసారి కూడా తొందర పెట్టలేదు.

షిప్పింగ్ ఏజెంటు వచ్చినప్పుడే కాగితం చేతులు మారింది. లాగ్‌బుక్‌లో శాశ్వత ఎగుమతి అని ఉండే భాగాన్ని నింపి మేం విడదీసుకున్నాం. మిగతా లాగ్‌బుక్ కొనుగోలుదారుకు ఇచ్చాం, అక్కడ రిజిస్ట్రేషన్‌కు అది అసలుదే కావాలి. మేం ఉంచుకున్న భాగానికి కొనుగోలుదారు పేరు, అడ్రస్, అమ్మిన తేదీతో ఉత్తరం జతచేసి స్వాన్సీలోని డీవీఎల్ఏకు పోస్టు చేశాం. పోస్టాఫీసులో సర్టిఫికెట్ ఆఫ్ పోస్టింగ్ అడిగితే ఉచితంగా ఇస్తారు. నేను దాన్ని ఎప్పుడూ వదలను. అమ్మకం రసీదు రెండు కాపీల మీద తేదీతో పాటు టైం కూడా, 11:40 అని, రాయించాను. ఆ రోజు మధ్యాహ్నం రేవుకు వెళ్లే దారిలో కెమెరా ఫైన్ పడినా నోటీసు రికార్డులో ఉన్న కీపర్‌కే వస్తుంది. అప్పుడు ఆ టైం ఒక్కటే ఆయన్ను కాపాడుతుంది.

బండి లోపలి నావిగేషన్‌లో "హోం" అడ్రస్, కలిపి ఉన్న ఫోన్లు, కాంటాక్టులు తీసేయించాను. కంపెనీ యాప్‌లో ఖాతా రద్దు చేయకపోతే నైరోబీలో బండి ఎక్కడుందో హైదరాబాద్‌లో కనిపించే అవకాశం ఉంది. అది కొన్నవాళ్లకు మనం చేసే అన్యాయం. సర్వీస్ బిల్లులు బండితో పాటే వెళ్లాయి, ఇంటి అడ్రస్, ఫోన్ నంబర్ ఉన్న చోట్లు కత్తిరించాక.

మిగిలిన నెలల రోడ్ ట్యాక్స్ తిరిగి వచ్చే చెక్కు రికార్డులో ఉన్న అడ్రస్‌కు, రికార్డులో ఉన్న పేరుతో వస్తుంది. హైదరాబాద్‌లో పౌండ్ల చెక్కు మార్చుకోవడం పెద్ద తలనొప్పి. అందుకే కొత్త లాగ్‌బుక్‌కు రాసేటప్పుడే అడ్రస్ స్నేహితుడిది ఇప్పించాను, ఇక్కడి బ్యాంకు ఖాతా అప్పుడే మూసేయవద్దని చెప్పాను. చెక్కు వచ్చాక స్నేహితుడు దాన్ని వాట్సాప్‌లో ఫోటో తీసి పంపబోతే ఆవిడే ఫోన్ చేసి ఆపారట. కొరియర్‌లో తెప్పించుకుని, అక్కడి నుంచి తమ బ్యాంకు యాప్‌లోనే స్కాన్ చేసి జమ చేసుకున్నారు.